తమ్ముడి నేరం మోసిన నటుడు – ఎడ్విన్ బూత్

పోయిన సంవత్సరం మా హాస్టల్ డేకి 'జూలియస్ సీజర్' నాటకంలో ఒక ఘట్టం వేశాం. సీజర్ శవం ముందు ఆంటోనీ ప్రసంగించే ఘట్టం. నాకిచ్చింది నాలుగో పౌరుడి వేషం. రెండు మాటలు, ఒక కర్ర, ఒక దుప్పటి. బి.ఎస్సీ. కుర్రాడికి అంతకంటే ఏం ఇస్తారు! రిహార్సల్ చూడటానికి వచ్చిన మా ఇంగ్లీషు లెక్చరర్ గారు మధ్యలో ఆపి ఒక సంగతి చెప్పారు. ఇదే నాటకాన్ని 1864లో న్యూయార్కులో ఒకే తల్లికి పుట్టిన ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఆడారట. ఆంటోనీ వేషం కట్టిన చిన్నవాడు ఐదు నెలలు తిరక్కుండానే, ఒక నాటకశాలలోనే, నిజంగా హత్య చేశాడట. చంపింది అబ్రహాం లింకన్‌ని.

ఆ చిన్నవాడి పేరు జాన్ విల్క్స్ బూత్. అతని గురించి లైబ్రరీలో ఎంతైనా దొరుకుతుంది. నాకు మాత్రం బ్రూటస్ వేషం కట్టిన అన్న ఏమయ్యాడో తెలుసుకోవాలనిపించింది. చేసినవాడు చేసి పోతాడు. ఇంట్లో మిగిలినవాళ్ళు మర్నాడు పొద్దున్నే లేచి వీధి తలుపు తియ్యాలి గదా. ఆ తలుపు తియ్యటం ఎంత కష్టమో మా ఇంట్లో చూసినవాణ్ణి. అందుకే ఎడ్విన్ బూత్ జీవితం వెతుక్కుని చదివాను. మిత్రులకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

బూత్‌లది నాటకాల ఇల్లు. తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ 1796లో లండన్‌లో పుట్టాడు. తాత రిచర్డ్ బూత్ వకీలు, రాజులంటే గిట్టనివాడు. అందుకే రోములో రాజరికాన్ని కూలదోసిన బ్రూటస్ పేరు కొడుక్కి పెట్టుకున్నాడు. ఆ కొడుకు వకీలు కాకుండా నటుడయ్యాడు. ఇరవయ్యొక్క ఏళ్ళకే, ఆనాటి మహానటుడు ఎడ్మండ్ కీన్‌కు పోటీగా లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు. 1821లో కట్టుకున్న భార్యనూ కొడుకునూ అక్కడే వదిలేసి మేరీ ఆన్ హోమ్స్ అనే యువతితో అమెరికా చేరుకున్నాడు. మేరీలాండ్ రాష్ట్రంలో, బెల్ ఎయిర్ అనే ఊరి దగ్గర పొలం తీసుకుని, దుంగలతో కట్టిన ఇంట్లో కాపురం పెట్టాడు. ఆయన మాంసం ముట్టడు. తన పొలంలో ఏ జంతువునూ చంపనిచ్చేవాడు కాదు. ఏడాదిలో సగం రోజులు ఊరూరా తిరిగి నాటకాలాడటం, మిగతా రోజులు వ్యవసాయం. పదిమంది పిల్లలు పుడితే ఆరుగురే పెద్దవాళ్ళయ్యారు.

మా తాతయ్య చిన్నప్పుడు సురభి వాళ్ళు వచ్చి మకాం పెడితే ఊరంతా బండ్లు కట్టుకుని వెళ్ళేదట. ఆ కుటుంబాల్లో పిల్లలు నడక నేర్వకముందే రంగం ఎక్కేస్తారని చెప్పేవాడు. బూత్ ఇంట్లో సంగతి అలా కాదు. తన పిల్లలు నటులు కావటం తండ్రికి ఇష్టం లేదు. అయినా ముగ్గురు కొడుకులు నటులే అయ్యారు. ఇంట్లో ఉన్న వృత్తి వద్దన్నా అబ్బుతుంది. వ్యవసాయం వద్దు, చదువుకో అని నన్ను ఇక్కడికి పంపిన మా నాన్నకు ఈ మాట నచ్చదనుకోండి.

ఎడ్విన్ 1833 నవంబరు 13న ఆ పొలంలోని ఇంట్లోనే పుట్టాడు. ఆ రోజు తెల్లవారుజామున అమెరికా అంతటా ఉల్కలు వానలా కురిశాయి. జనం ప్రళయం వచ్చిందని మోకాళ్ళ మీద పడి ప్రార్థనలు చేశారు. యేల్ కళాశాలలో ఆచార్యుడైన డెనిసన్ ఓమ్‌స్టెడ్ మాత్రం ఆ ఉల్కలన్నీ సింహరాశి వైపు నుంచే వస్తున్నట్టు కనిపిస్తున్నాయని గమనించాడు. ఉల్కాపాతాల శాస్త్రం నిజానికి అక్కణ్ణించే మొదలైంది. ముప్పయిమూడేళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టి వచ్చే ఒక తోకచుక్క వదిలిన ధూళి అది అని తర్వాత తేలింది. చుక్కలు రాలిన రోజున పుట్టాడు కాబట్టి ఎడ్విన్‌ది గొప్ప జాతకమని అతని ఇంట్లో చెప్పుకునేవారు. సైన్సు విద్యార్థిగా నేను ఆ మాట ఒప్పుకోను. అతని మీద పడినవన్నీ ఆకాశంలోంచి కాదు, సొంత ఇంట్లోంచే పడ్డాయి.

మొదటిది తండ్రే. జూనియస్ బూత్ రంగం మీద ఎంత గొప్పవాడో బయట అంత ప్రమాదం. తాగుడు ఒకటి, మధ్య మధ్య మతి చలించటం ఇంకొకటి. ప్రేక్షకులు టిక్కెట్లు కొని కూచున్నాక నటుడు కనపడకుండా పోయిన రోజులున్నాయి. అందుకని పధ్నాలుగేళ్ళయినా సరిగా నిండని ఎడ్విన్‌ను తోడిచ్చి పంపటం మొదలుపెట్టారు. బడి మానేసి ఆ కుర్రాడు తండ్రికి దుస్తులు తొడగటం, సారాకొట్టు వైపు పోకుండా కాపలా కాయటం, రాత్రిళ్ళు పక్కనే ఉండి నిద్రపుచ్చటం చేశాడు. తండ్రి కొడుకును సాకటం అందరికీ తెలుసు. ఇక్కడ కొడుకే తండ్రిని సాకాడు. ఆ రాత్రుల్లో తెర పక్కన నిలబడి విన్న సంభాషణలన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి.

1849 సెప్టెంబరు 10న బోస్టన్‌లో 'మూడవ రిచర్డ్' నాటకంలో ట్రెసెల్ అనే చిన్న వేషంతో ఎడ్విన్ మొదటిసారి రంగం ఎక్కాడు. 1851లో న్యూయార్కులో ఒక సాయంత్రం తండ్రి మొండికేసి, ఈ రాత్రి రిచర్డ్ వేషం నేను వెయ్యను, కావాలంటే నువ్వు వేసుకో అన్నాడు. పదిహేడేళ్ళ కుర్రాడు తండ్రి దుస్తులు వదులు వదులుగా వేలాడుతుంటే అవే కట్టుకుని రాజు వేషం వేసి నెగ్గుకొచ్చాడు.

1852లో తండ్రీ కొడుకులు కాలిఫోర్నియా వెళ్ళారు. బంగారం కోసం జనం ఎగబడుతున్న రోజులు. ఆటలకు అనుకున్నంత డబ్బు రాలేదు. తండ్రి కొడుకును అక్కడే వదిలి ఒంటరిగా తిరుగు ప్రయాణమయ్యాడు. అన్నాళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న కొడుకు పక్కన లేని ఆ ఒక్క ప్రయాణంలోనే, నవంబరు 30న, నది మీద స్టీమరులో జబ్బుచేసి చనిపోయాడు. ఆ కబురు కొండల్లో మంచులో చిక్కుకుని ఉన్న ఎడ్విన్‌కు చాలా ఆలస్యంగా చేరింది. నేను వెంట వెళ్ళి ఉంటే అన్న బాధ అతనికి చివరిదాకా పోలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు తిండికి లేక తిరిగాడు. గని పనివాళ్ళ ఊళ్ళలో ఏ వేషం ఇస్తే అది వేశాడు. 1854లో లారా కీన్ అనే నటితో కలిసి ఆస్ట్రేలియా వెళ్ళాడు. తిరిగొచ్చే దారిలో హవాయి దీవుల్లో అక్కడి రాజు ముందు రిచర్డ్ వేషం కట్టాడు. ఈ లారా కీన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1856లో తూర్పు తీరానికి తిరిగొచ్చిన ఎడ్విన్ ఒకటి రెండేళ్ళలోనే బోస్టన్‌లో, న్యూయార్కులో మొదటి వరస నటుడయ్యాడు. అప్పటిదాకా అమెరికా రంగస్థలం మీద గొంతు ఉన్నవాడిదే రాజ్యం. ఎడ్విన్ ఫారెస్ట్ అనే నటుడు గర్జిస్తే హాలు దద్దరిల్లేది. మన ఎడ్విన్‌కు ఆ పేరు పెట్టింది ఆయన మీద అభిమానంతోనే. కాని ఈ ఎడ్విన్ అరవటం మానేశాడు. మనిషి లోపల ఆలోచన ఎలా నడుస్తుందో ముఖంలో, కళ్ళలో, చిన్న గొంతులో చూపించాడు. తండ్రి దయ్యమై వచ్చి కనిపిస్తే ఏం చెయ్యాలో తేల్చుకోలేని హామ్లెట్ రాకుమారుడి పాత్ర అందుకే అతనికి అంతగా అతికింది. తండ్రి జ్ఞాపకం వెంటాడటమంటే ఏమిటో అతనికి ఒకరు నేర్పాల్సిన పని లేదు.

తండ్రి నుంచి నటనతోపాటు తాగుడు కూడా వచ్చింది. 1860 జులైలో మేరీ డెవ్లిన్ అనే నటిని పెళ్ళాడాడు. ఆమె నాటకాలు మానేసి సంసారం దిద్దుకుంది. 1861 డిసెంబరులో లండన్‌లో ఎడ్వీనా అనే కూతురు పుట్టింది. 1863 ఫిబ్రవరిలో మేరీ బోస్టన్ దగ్గర జబ్బుతో మంచాన పడింది. ఎడ్విన్ న్యూయార్కులో నాటకాలాడుతూ రోజూ తాగుతున్నాడు. రమ్మని టెలిగ్రాముల మీద టెలిగ్రాములు వచ్చాయి. మత్తులో వాటిని విప్పి చూడలేదు. చూసి పరుగెత్తేసరికి 21వ తేదీన ఆమె పోయింది. అప్పటికతనికి ఇరవై తొమ్మిదేళ్ళు, చేతిలో పద్నాలుగు నెలల పిల్ల. ఆ దెబ్బతో తాగుడు వదిలిపెట్టాడు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆయన్ని దేవుణ్ణి చెయ్యటానికి కాదు. ఆయన తప్పు ఆయన చేశాడు, దాని ఫలితం అనుభవించాడు. తన తప్పు మొయ్యటం నేర్చుకున్న రెండేళ్ళకే ఇంకొకడి తప్పు నెత్తిన పడింది.

అమెరికాలో అప్పుడు ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరుగుతోంది. ఎడ్విన్ ఉత్తరం పక్షం. 1864 ఎన్నికల్లో లింకన్‌కు ఓటు వేశాడు. తమ్ముడు జాన్ దక్షిణం పక్షం, బానిసత్వాన్ని సమర్థించేవాడు. ఇంట్లో ఈ మాటలెత్తితే గొడవే. అయినా 1864 నవంబరు 25న న్యూయార్కు వింటర్ గార్డెన్ థియేటర్‌లో సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ విగ్రహం పెట్టటానికి విరాళంగా అన్నదమ్ములు ముగ్గురూ 'జూలియస్ సీజర్' ఆడారు. పెద్దవాడు జూనియస్ కాసియస్, ఎడ్విన్ బ్రూటస్, జాన్ ఆంటోనీ. తల్లి హాల్లో కూచుని చూసింది. ఆట మధ్యలో పక్క హోటల్లో మంటలు లేచాయి. దక్షిణం వాళ్ళ మనుషులు నగరాన్ని తగలబెట్టటానికి ఆ రాత్రి పన్నిన కుట్ర అది. జనం లేచి పరుగెత్తబోతే ఎడ్విన్ ముందుకొచ్చి భయం లేదని చెప్పి కూచోబెట్టాడు. మర్నాటి నుంచి ఆయన 'హామ్లెట్' మొదలుపెట్టి వరసగా నూరు రాత్రులు ఆడాడు. షేక్‌స్పియర్ నాటకం అన్ని రాత్రులు ఆడటం ఆ దేశంలో అప్పటికి ఎవరూ ఎరగరు. నూరో ఆట 1865 మార్చి 22న.

ఇరవై మూడు రోజులు గడిచాయి. ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో లారా కీన్ బృందం ఒక హాస్యనాటకం ఆడుతోంది. గుర్తుపెట్టుకోమన్న పేరు ఇదే. లింకన్ భార్యతో కలిసి పైన ప్రత్యేకమైన గదిలో కూచుని చూస్తున్నాడు. ఆ థియేటర్ మూలమూలా తెలిసిన జాన్, నవ్వులు గట్టిగా వచ్చే చోటు చూసుకుని, వెనకనుంచి తలలో కాల్చాడు. రంగం మీదికి దూకి పారిపోయాడు. మర్నాడు పొద్దున లింకన్ చనిపోయాడు. పన్నెండు రోజుల తర్వాత వర్జీనియాలో ఒక రైతు పొగాకు కొట్టంలో దాక్కున్న జాన్‌ను సైనికులు చుట్టుముట్టారు. తుపాకి దెబ్బ తగిలి చనిపోయాడు. వయసు ఇరవై ఆరు.

ఆ రాత్రి ఎడ్విన్ బోస్టన్‌లో నాటకం ఆడుతున్నాడు. తెల్లవారి వార్త తెలిసింది. ఆ క్షణం నుంచి బూత్ అన్న పేరు దేశమంతా పలకటానికి అసహ్యించుకునే పేరైంది. అన్న జూనియస్‌నూ, చెల్లెలు ఆసియా భర్తనూ జైల్లో పెట్టారు. ఎడ్విన్‌ను జైల్లో పెట్టలేదు గాని బెదిరింపు ఉత్తరాలు ఇంటికొచ్చాయి. తన దుఃఖం చెప్పుకుంటూ ప్రజల పేర పత్రికల్లో ఒక లేఖ ప్రకటించి, ఇక రంగం ఎక్కనని ఇంట్లో కూచున్నాడు.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. దానికి ఒకటి రెండేళ్ళ ముందు జెర్సీ సిటీ రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక యువకుడు జనం తోపిడికి కదులుతున్న రైలు పక్కన సందులో పడబోతే ఎవరో వెనకనుంచి కోటు కాలరు పట్టి పైకి లాగారు. తిరిగి చూస్తే ఎడ్విన్ బూత్. ఆ యువకుడు లింకన్ పెద్దకొడుకు రాబర్ట్. కాపాడింది ఎవరినో ఎడ్విన్‌కు ఆ రోజు తెలియదు. తర్వాత ఒక స్నేహితుడి ద్వారా తెలిసింది. తమ్ముడు తండ్రిని చంపాడు, అన్న కొడుకును బతికించాడు. ఒకటి ఇంకొకటికి చెల్లు కాదు. కాని ఆ చీకటి రోజుల్లో పట్టుకు వేలాడటానికి అదొక్కటి ఆయనకు మిగిలిందని అంటారు.

నేను మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నేను పదో తరగతిలో ఉండగా మా నాన్న తమ్ముడు, ఊళ్ళో చీటీలు నడిపేవాడు, ఒక రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయాడు. మర్నాడు చీటీలు కట్టినవాళ్ళంతా మా అరుగు మీదికొచ్చారు. నాన్నకు ఆ లెక్కలతో సంబంధం లేదు. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. ఐనా మా ఇంటికి కాక ఇంకెక్కడికి వెళ్తారు? రెండు నెలలు నాన్న చీకటితో లేచి వెనక దారిన పొలానికి పోయి మళ్ళీ చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆ ఏడు వడ్లు అమ్మిన రోజున మిషను కుట్టుకుని బతికే ఒకావిడకు ఆమె కట్టిన దాంట్లో సగం ఇచ్చి, తక్కినవాళ్ళకు ఇవ్వలేనని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ముందు వీధినే నడిచి వెళ్ళి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ పలకరించలేదు. కొట్టతను కాసేపాగి గ్లాసు ముందు పెట్టాడు. నాన్న తాగి, డబ్బులు పెట్టి, వచ్చేశాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. నేను వెనకాల సైకిలు పట్టుకుని చూశాను. ఆ రోజు నాకేం అర్థం కాలేదు.

ఎడ్విన్ కూడా తిరిగి వెళ్ళాడు. ఇంట్లో తల్లి ఉంది, కూతురుంది, అప్పులున్నాయి. ఆయనకు తెలిసిన పని ఒక్కటే. 1866 జనవరి 3న అదే వింటర్ గార్డెన్‌లో హామ్లెట్‌గా వస్తాడని ప్రకటించారు. కొన్ని పత్రికలు తిట్టిపోశాయి. గొడవ జరుగుతుందని పోలీసులను పెట్టారు. హామ్లెట్ రెండో రంగంలో గాని కనిపించడు. తెర లేచేసరికి నల్లదుస్తుల్లో తలవంచుకుని కుర్చీలో కూచున్నాడు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, కేకలు, రుమాళ్ళు ఊపటం. ఆయన లేచి వంగి నమస్కరించాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. జనం తిట్టవచ్చు, కొట్టవచ్చు అనుకునే వచ్చినవాడికి ఆ ఆదరణ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆ సంవత్సరమే, ఆయన పుట్టిన రోజున ఉల్కలు కురిపించిన తోకచుక్క మళ్ళీ సూర్యుడి దగ్గరికొచ్చింది. టెంపెల్, టటిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా దాన్ని కనిపెట్టారు. టటిల్ చూసింది సరిగ్గా జనవరి 6న. కాకతాళీయమే, ఐనా చెప్పకుండా ఉండలేకపోయాను.

1867లో వింటర్ గార్డెన్ కాలిపోయింది. దుస్తులు, పుస్తకాలు అన్నీ పోయాయి. ఎడ్విన్ పది లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి సొంత థియేటర్ కట్టాడు. మన సైన్సు వాళ్ళకు నచ్చే థియేటర్ అది. వాలు లేని చదును రంగం, నీటి ఒత్తిడితో పనిచేసే యంత్రాలతో అడుగునుంచి పైకిలేచే దృశ్యాలు, హాల్లోకి గాలిని పంపే ఏర్పాటు. 1869 ఫిబ్రవరి 3న మొదటి ఆట. అదే నెలలో ప్రభుత్వం జాన్ శవాన్ని కుటుంబానికి అప్పగించింది. ఎడ్విన్ ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. బాల్టిమోర్ శ్మశానంలో తండ్రి పక్కన పూడ్చిపెట్టారు. పేరు చెక్కిన రాయి పెట్టలేదు.

నాటకాలు బాగా నడిచాయి, లెక్కలు బాగా నడవలేదు. ఆయనకు వ్యాపారం తెలియదు. పైగా 1873లో దేశమంతా ఆర్థిక సంక్షోభం. 1874లో దివాలా తీశాడు. థియేటర్ పోయింది. నలభయ్యో ఏట మళ్ళీ రైలెక్కి ఊరూరా తిరిగి ఆడి అప్పుల్లోంచి బయటపడ్డాడు. రెండో భార్య మేరీ మెక్‌వికర్‌కు పుట్టిన కొడుకు పురిట్లోనే పోయాడు. ఆమె మతి చెడి 1881లో చనిపోయింది. అదే ఏడు లండన్‌లో హెన్రీ ఇర్వింగ్‌తో కలిసి 'ఒథెల్లో' ఆడుతూ ఒక వారం ఒకరు నాయకుడు, ఇంకో వారం ప్రతినాయకుడుగా వేషాలు మార్చుకుని మెప్పించాడు. 1879 ఏప్రిల్ 23న షికాగోలో ఆట మధ్యలో ఒక పిచ్చివాడు పైనుంచి ఆయన మీద తుపాకి పేల్చాడు. గుండు తప్పిపోయింది. ఎడ్విన్ పరుగెత్తలేదు. లేచి ముందుకొచ్చి కాల్చినవాడి వైపు వేలు చూపించాడు. ఆ గుండును తర్వాత బంగారంలో పొదిగించి దాచుకున్నాడు.

1865 తర్వాత ఆయన వాషింగ్టన్‌లో ఒక్కసారి కూడా నాటకం ఆడలేదు. పిలిస్తే వెళ్ళలేదు. తమ్ముడి పేరు తన ముందు ఎవర్నీ ఎత్తనివ్వలేదు. జాన్ దుస్తుల పెట్టె దొరికితే ఒక రాత్రి థియేటర్ కొలిమిలో ఒక్కొక్కటే వేసి కాల్చేశాడని ఆయన దగ్గర పనిచేసినతను తర్వాత చెప్పాడు. కాని చివరి రోజుల్లో ఆయన ఉన్న గదిలో మంచం పక్కన తమ్ముడి ఫోటో ఉండేది. ఈ రెండూ నిజమే. నేరాన్ని ఎప్పుడూ సమర్థించలేదు. తమ్ముణ్ణి కాదనీ అనలేదు. పేరు మార్చుకుని బతకవచ్చు, మార్చుకోలేదు. ప్రతి ఊళ్ళో గోడల మీద బూత్ అన్న పేరే పెద్ద అక్షరాల్లో వేయించాడు.

1888లో న్యూయార్కు గ్రామర్సీ పార్కు దగ్గర ఒక ఇల్లు కొని, తన పుస్తకాలూ చిత్రాలతో సహా నటులకు ఇచ్చేశాడు. 'ది ప్లేయర్స్' అనే ఆ క్లబ్బులో నటులు రచయితలతో, ఇతర వృత్తుల పెద్దలతో సమానంగా కూచోవాలని ఆయన కోరిక. మార్క్ ట్వేన్ దానికి మొదటి సభ్యుల్లో ఒకడు. నటుడంటే చులకనగా చూసే రోజుల్లో అది చిన్న పని కాదు. పై అంతస్తులో ఒక గది మాత్రం తనకు ఉంచుకున్నాడు. 1891 ఏప్రిల్ 4న బ్రూక్లిన్‌లో హామ్లెట్‌గా ఆఖరి ఆట. 1893 జూన్ 7న ఆ గదిలోనే కన్నుమూశాడు. 9వ తేదీన అంత్యక్రియలు జరుగుతున్న వేళకే వాషింగ్టన్‌లో, అప్పటికి ప్రభుత్వ కార్యాలయంగా మారిన ఫోర్డ్స్ థియేటర్ భవనం లోపలి అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయారు. శాపమని జనం చెప్పుకున్నారు. పునాది కింద తవ్వకం పని జరుగుతోందనేది అసలు కారణం. బోస్టన్ దగ్గర మౌంట్ ఆబర్న్ శ్మశానంలో, టెలిగ్రాములు విప్పి చూడక పోగొట్టుకున్న మేరీ డెవ్లిన్ పక్కనే ఆయన్ని పూడ్చారు.

1890లో కూతురి కోసం మైనపు సిలిండరు మీద ఆయన గొంతు రికార్డు చేశారు. ఒథెల్లో ప్రసంగంలోని ఆ కాసిని మాటలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. గరగర ధ్వని వెనకనుంచి, ఎక్కడో దూరంగా పొలంలో మాట్లాడుతున్నట్టు సన్నగా వినిపిస్తుంది. మొన్న సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నాన్నకు ఫోన్లో అది వినిపించాను. ఇంగ్లీషు రాదు, ఎవరని అడిగాడు. ఎవరో నాటకాలాయన, తమ్ముడు చెయ్యరాని పని చేస్తే మొహం దాచుకోకుండా బతికాడని చెప్పాను. నాన్న ఇంకోసారి పెట్టమన్నాడు. విని ఏమీ అనలేదు. పార తీసుకుని ముందు వీధినే పొలానికి వెళ్ళాడు.